పాటకు ముందు గుమ్మం, పాడినవాళ్లకు వెనక గుమ్మం: స్వింగ్ యుగం మనకు చెప్పేది

1938 చివర్లో న్యూయార్క్‌లోని లింకన్ హోటల్‌లో ఆర్టీ షా బ్యాండ్ కచేరీలు జరుగుతున్నాయి. వాయించేవాళ్లు తెల్లవాళ్లు. పాడేది బిల్లీ హాలిడే. ఆమెకు 23 ఏళ్లు. అప్పటికే రికార్డుల ద్వారా పేరు తెచ్చుకున్న నల్లజాతి గాయని. జనం డబ్బు కట్టి ఆమె పాట వినడానికి వస్తున్నారు. హోటల్ యాజమాన్యం మాత్రం ఆమెను అతిథుల లిఫ్ట్ ఎక్కవద్దంది. సామాన్లు తీసుకెళ్లే లిఫ్ట్‌లో రమ్మంది. ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవకుండానే ఆమె ఆ బ్యాండ్ వదిలేశారు.

వర్ణ వివక్షను చట్టంగా రాసుకున్న దక్షిణాది రాష్ట్రాల్లో ఇలా జరిగిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. జరిగింది న్యూయార్క్‌లో.

అమెరికాలో 1935 నుంచి 1945 దాకా సుమారు పదేళ్లను స్వింగ్ యుగం అంటారు. నల్లవాళ్ల సంగీతం దేశమంతా ఇష్టపడే సంగీతంగా మారిన కాలమది. రేడియో పెడితే అదే, డ్యాన్స్ హాలుకు వెళ్తే అదే. ఆ సంగీతాన్ని పుట్టించినవాళ్లకు మాత్రం అదే కాలంలో హోటల్లో గది దొరకలేదు, హోటల్ బల్ల దగ్గర అన్నం దొరకలేదు, సొంత పాట మీద పూర్తి హక్కు దొరకలేదు. అణగారిన ప్రజల కళను నెత్తిన పెట్టుకుంటూనే ఆ ప్రజలను గడప బయట ఉంచడం ఎలా సాధ్యమైంది? ఆ గోడ ఎక్కడెక్కడ కూలింది, ఎవరు కూల్చారు? ఈ వ్యాసంలో మేము ఈ రెండు ప్రశ్నలకే జవాబు వెతుకుతున్నాం.

బ్యాండ్ నాయకుడంటే ఎవరు?

ముందు స్వింగ్ బ్యాండ్ ఎలా ఉండేదో చూద్దాం. తొలినాటి జాజ్‌ను అయిదారుగురు కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించేవారు. స్వింగ్ బ్యాండ్‌లో పన్నెండు నుంచి పదహారు మంది దాకా ఉంటారు. ట్రంపెట్లు ఒక వరుస, ట్రాంబోన్లు ఒక వరుస, శాక్సాఫోన్లు ఒక వరుస. వెనక పియానో, గిటార్, బాస్, డ్రమ్స్. ఒక వరుస ఒక మాట అంటే ఇంకో వరుస బదులిస్తుంది. మన బుర్రకథలో కథకుడి మాటను వంతలు అందుకున్నట్టు అనుకోండి. నల్లవాళ్ల చర్చి పాటల్లోంచి, పొలాల్లో కూలి చేస్తూ పాడుకున్న పాటల్లోంచి వచ్చిన పద్ధతి అది.

ఇంతమంది కలిసి వాయించాలంటే ఎవరు ఎప్పుడు ఏం వాయించాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఆ రాతను అరేంజ్‌మెంట్ అంటారు. రాసే మనిషి వేరు, వాయించేవాళ్లు వేరు, పాడే మనిషి వేరు. బ్యాండ్ మాత్రం ఒక్కరి పేరు మీదే నడుస్తుంది. ఆ ఒక్కరే బ్యాండ్ నాయకుడు. కాంట్రాక్ట్ మీద సంతకం ఆయనది, జీతాలు ఇచ్చేది ఆయన, పోస్టర్ మీద పేరు ఆయనది. అందుకే ఎవరు బాగా వాయించారన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఎవరి పేరు పైన ఉంది, డబ్బు ఎవరి చేతికి వెళ్లిందని కూడా అడగాలి.

రాత ఒకరిది, కిరీటం ఒకరిది

ఫ్లెచర్ హెండర్సన్ 1897లో జార్జియా రాష్ట్రంలో పుట్టారు. అట్లాంటా యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి న్యూయార్క్ వచ్చారు. చివరికి ఆయనకు బతుకు చూపించింది పియానో. 1920లలో ఆయన నడిపిన బ్యాండ్‌లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా కొంతకాలం ట్రంపెట్ వాయించారు. వరుసల మధ్య సంభాషణలా సాగే ఆ రాతపద్ధతికి హెండర్సన్, ఆయన సహచరుడు డాన్ రెడ్‌మన్ ఒక రూపం ఇచ్చారు. తర్వాత వచ్చిన స్వింగ్ బ్యాండ్లన్నీ దాదాపుగా ఆ దారిలోనే నడిచాయి.

1934 నాటికి ఆర్థిక మాంద్యం దెబ్బకు హెండర్సన్ బ్యాండ్ చెదిరిపోయింది. అదే సమయంలో బెన్నీ గుడ్‌మన్ అనే యువ క్లారినెట్ వాద్యకారుడికి ఎన్‌బీసీ రేడియోలో వారం వారం వచ్చే కార్యక్రమం దొరికింది. ఆయన షికాగోలో పేద యూదు వలస కుటుంబంలో పుట్టినవాడు. వారం వారం కొత్త పాటలు కావాలి. హెండర్సన్ తన అరేంజ్‌మెంట్లను ఆయనకు అమ్మారు. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజెలిస్‌లోని పాలొమార్ డ్యాన్స్ హాల్లో గుడ్‌మన్ బ్యాండ్ ఆ రాతలు వాయించినప్పుడు జనం వెర్రెత్తిపోయారు. స్వింగ్ యుగం ఆ రాత్రే మొదలైందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. పత్రికలు గుడ్‌మన్‌కు 'స్వింగ్ రాజు' అని బిరుదు ఇచ్చాయి.

గుడ్‌మన్ దొంగ కాదు. ఆయన డబ్బు ఇచ్చి కొన్నారు, హెండర్సన్ పేరు బాహాటంగా చెప్పారు, 1939లో ఆయనను తన దగ్గర ఉద్యోగంలోకి కూడా తీసుకున్నారు. అయితే ఇక్కడ చూడాల్సింది ఒక వ్యక్తి మంచితనాన్ని కాదు. స్పాన్సర్ ఉన్న జాతీయ రేడియో కార్యక్రమాలు, పెద్ద హోటళ్లలో వారాల తరబడి ఒకేచోట వాయించే అవకాశాలు ఎక్కువగా తెల్లవాళ్ల బ్యాండ్లకే వెళ్లేవి. అలాంటి హోటళ్ల నుంచి రేడియోలో ప్రసారం ఉండేది. దాంతో పేరు, పేరుతో రికార్డుల అమ్మకం, అమ్మకంతో మరిన్ని అవకాశాలు వచ్చేవి. నల్లవాళ్ల బ్యాండ్లకు మిగిలింది ఎక్కువగా ఒక్కరాత్రి కచేరీలు. ఈ రాత్రి ఒక ఊరు, రేపు రాత్రి వందల మైళ్ల అవతల ఇంకో ఊరు. ప్రతిభ సమానమే. ఎక్కడానికి ఇచ్చిన మెట్లే వేరు.

కాగితం మీద ఏముంది?

కౌంట్ బేసీ బ్యాండ్ కాన్సాస్ సిటీ నుంచి వచ్చింది. వాళ్ల లయ వింటే కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా ఆగవు. డెక్కా రికార్డు కంపెనీతో బేసీ చేసుకున్న తొలి ఒప్పందం ప్రకారం 24 పాటలకు 750 డాలర్లు. రాయల్టీ లేదు. లెక్క వేస్తే బ్యాండ్ మొత్తానికి కలిపి పాటకు 32 డాలర్లు కూడా పడలేదు. 'వన్ ఓ క్లాక్ జంప్' దేశమంతా మోగింది. అది కూడా ఆ రోజుల్లోనే, ఆ కంపెనీకే రికార్డు చేసినది. బిల్లీ హాలిడే 1930లలో టెడ్డీ విల్సన్‌తో కలిసి పాడిన రికార్డుల పరిస్థితీ అంతే. పాడిన రోజు కూలి ఇచ్చారు, తర్వాత ఎన్ని రికార్డులు అమ్ముడైనా అందులో ఆమెకు వాటా లేదు.

డ్యూక్ ఎలింగ్టన్ మేనేజర్ ఇర్వింగ్ మిల్స్ సంగతి కొంచెం భిన్నం. నల్లజాతి సంగీతకారుడికి మూసి ఉన్న తలుపులు ఎన్నింటినో ఆయన తెరిపించారు. ఎలింగ్టన్‌ను దేశం ముందు ఒక కళాకారుడిగా నిలబెట్టడంలో ఆయన పాత్ర ఉంది. దానికి బదులుగా ఎలింగ్టన్ పాటల్లో చాలావాటి మీద సహ రచయితగా తన పేరు కూడా వేసుకున్నారు. 'మూడ్ ఇండిగో' మీద ఇప్పటికీ ఆ పేరు ఉంది. పేరు ఉంటే రాయల్టీలో వాటా ఉంటుంది. ఎలింగ్టన్ 1939లో ఆయన నుంచి విడిపోయారు.

ఎలింగ్టన్‌కు పేరు తెచ్చిన వేదిక కాటన్ క్లబ్. 1927 డిసెంబర్ నుంచి 1931 దాకా ఆయన బ్యాండ్ అక్కడే వాయించింది. క్లబ్ ఉన్నది నల్లవాళ్లు బతికే హార్లెమ్‌లో. వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, వడ్డించేవాళ్లు నల్లవాళ్లు. బల్లల దగ్గర కూర్చునేవాళ్లు తెల్లవాళ్లు. వేదికను బానిసల కాలం నాటి తోటల మాదిరిగా అలంకరించారు. హార్లెమ్‌లో ఉంటున్న మనిషి తన పేటలోని క్లబ్‌లోకి టికెట్ కొనుక్కుని వెళ్లలేడు. పనివాడిగా మాత్రం వెళ్లవచ్చు.

అక్కడికి దగ్గర్లోనే 1926లో సవాయ్ డ్యాన్స్ హాలు మొదలైంది. దాని తలుపులు అందరికీ తెరిచే ఉండేవి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే నేల మీద ఆడారు. అక్కడి బ్యాండ్‌కు నాయకుడు చిక్ వెబ్. వెన్నెముక జబ్బుతో గూని వచ్చిన పొట్టి మనిషి, డ్రమ్స్ ముందు కూర్చుంటే సింహం. 1934లో అపోలో థియేటర్ పోటీలో గెలిచిన ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అనే పేదింటి పిల్ల మరుసటి ఏడాది ఆయన బ్యాండ్‌లో గాయనిగా చేరారు. 1937 మేలో ఇదే హాల్లో చిక్ వెబ్ బ్యాండ్‌కు, 'స్వింగ్ రాజు' గుడ్‌మన్ బ్యాండ్‌కు పోటీ జరిగింది. గెలుపు వెబ్‌దేనని హాలంతా తీర్పు చెప్పింది. 1939లో వెబ్ చనిపోయాక ఎల్లా ఆ బ్యాండ్‌ను తన పేరు మీద నడిపారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. కాటన్ క్లబ్, సవాయ్ రెండూ ఒకే పేటలో, ఒకే కాలంలో నడిచాయి. కాబట్టి 'ఆ రోజులు అలాంటివి' అనే సాకు ఇక్కడ చెల్లదు. తలుపు తెరవాలనుకున్నవాళ్లు ఆ రోజుల్లోనే తెరిచారు.

దారిలో తిండి, నిద్ర, రంగు

ఒక్కరాత్రి కచేరీల బతుకు బస్సుల్లో గడిచేది. నల్లవాళ్లను ఏ హోటల్ దిగనిస్తుంది, ఎక్కడ తిండి దొరుకుతుంది, ఎక్కడ పెట్రోలు పోస్తారు అన్నవి ప్రతిరోజూ ప్రశ్నలే. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి పోస్ట్‌మన్ 1936లో ఈ సమాచారంతో ప్రయాణికులకు ఒక పుస్తకమే అచ్చు వేశారు. దాన్నే గ్రీన్ బుక్ అంటారు. ఎలింగ్టన్ దక్షిణాది పర్యటనలకు ఏకంగా రైలు పెట్టెలు అద్దెకు తీసుకునేవారు. తినేది, పడుకునేది అందులోనే. అవమానాన్ని తప్పించుకోవడానికి ఆయన కట్టిన ఖరీదు అది. అంత డబ్బు లేని బ్యాండ్లు బస్సు సీట్లలోనే నిద్రపోయాయి.

'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' అనే ఆడపిల్లల బ్యాండ్ గురించి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. 1937లో మిసిసిపీ రాష్ట్రంలో పేద నల్లజాతి పిల్లలు చదివే పైనీ వుడ్స్ స్కూలుకు విరాళాలు సేకరించడానికి ఆ బ్యాండ్ మొదలైంది. 1941లో ఆ పిల్లలు స్కూలు నుంచి విడిపోయి సొంతంగా నిలబడ్డారు. ఆనా మే విన్‌బర్న్ నాయకత్వంలో దేశమంతా తిరిగారు. తర్వాత తెల్లమ్మాయిలు కూడా అందులో చేరారు. దక్షిణాదిలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ప్రయాణిస్తే, కలిసి తింటే నేరం. అందుకే తెల్లమ్మాయిలు ముఖానికి ముదురు రంగు పూసుకుని వేదిక ఎక్కేవారు. బస్సులోనే పడకలు.

దీని పక్కన ఇంకో సంగతి పెట్టి చూడండి. బిల్లీ హాలిడే బేసీ బ్యాండ్‌తో డెట్రాయిట్ వెళ్లినప్పుడు, దీపాల కింద ఆమె తెల్లమనిషిలా కనిపిస్తుందని థియేటర్ వాళ్లు భయపడ్డారు. నల్లవాళ్ల మధ్య తెల్లమనిషి నిలబడిందని జనం అనుకుంటారట. ముఖానికి నల్లరంగు పూసుకోమన్నారు. ఈ విషయం ఆమె తన ఆత్మకథలో చెప్పారు. తెల్లమ్మాయికీ రంగే, నల్లమ్మాయికీ రంగే. వివక్షకు కళ్లతో చూసే రంగు కంటే గీసిన గీత ముఖ్యం. గీత చెడకుండా ఉండడానికి అది ఎవరి ముఖానికైనా రంగు పూయిస్తుంది.

ఒకే వేదిక మీద, విడిగా

1935లో గుడ్‌మన్ నల్లజాతి పియానో వాద్యకారుడు టెడ్డీ విల్సన్‌తో కలిసి రికార్డు చేశారు. 1936లో షికాగోలోని కాంగ్రెస్ హోటల్లో జనం ముందు కలిసి వాయించారు. అదే ఏడాది లయొనెల్ హాంప్టన్ కూడా చేరారు. అంత పేరున్న బ్యాండ్ అంత పెద్ద వేదిక మీద ఈ గీత దాటడం ధైర్యమే. దాని పద్ధతిని కూడా గమనించాలి. విల్సన్, హాంప్టన్ మొదట్లో పెద్ద బ్యాండ్‌లో కూర్చోలేదు. ముగ్గురో నలుగురో కలిసి విడిగా చేసే 'ప్రత్యేక ఆకర్షణ'గా వేదిక మీదికి వచ్చేవారు. వాళ్లు దిగాక పెద్ద బ్యాండ్‌లో తెల్ల పియానిస్టు కూర్చునేవాడు. గోడకు ఒక కిటికీ పెట్టినట్టయింది. గోడ మాత్రం అలాగే ఉంది.

కిటికీ ఉన్నంత మాత్రాన లాఠీ ఆగదని 1945 డిసెంబర్‌లో తేలింది. అప్పటికి హాంప్టన్ సొంత బ్యాండ్ నడుపుతున్నారు. కాన్సాస్ సిటీలో తెల్లవాళ్ల డ్యాన్స్ హాల్లో ఆయన కచేరీ. వినడానికి క్యాబ్ కాలోవే వచ్చారు. దేశమంతా ఎరిగిన బ్యాండ్ నాయకుడు. ఆయనను లోపలికి రానివ్వలేదు. గొడవలో పోలీసు ఆయన తల మీద పిస్టల్‌తో కొట్టాడు. వేదిక మీద వాయించేది నల్లవాడే, వినడానికి వచ్చిన నల్లవాడికి మాత్రం తల పగిలింది. విషయం తెలిసి హాంప్టన్ కచేరీ ఆపేశారు.

ఆ పాట పాడినందుకు

1938 డిసెంబర్‌లో బార్నీ జోసెఫ్‌సన్ అనే మాజీ చెప్పుల దుకాణం సేల్స్‌మన్ న్యూయార్క్‌లో కేఫ్ సొసైటీ తెరిచారు. వేదిక మీదే కాదు, బల్లల దగ్గర కూడా అందరూ కలిసి కూర్చోవాలన్నది ఆ క్లబ్ నియమం. బిల్లీ హాలిడే 1939లో 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడింది అక్కడే. తెల్లమూకలు నల్లవాళ్లను చంపి చెట్లకు వేలాడదీయడం గురించిన పాట అది. రాసినది ఏబెల్ మీరొపోల్ అనే యూదు స్కూలు టీచర్. ఆ పాట కచేరీ చివర్లో వచ్చేది. సర్వర్లు వడ్డన ఆపేసేవారు, దీపాలన్నీ ఆర్పేసేవారు, ఆమె ముఖం మీద ఒక్క వెలుగు మాత్రం ఉండేది. పాట అయ్యాక మళ్లీ పాడమని ఎంత అడిగినా ఆమె తిరిగి వచ్చేవారు కాదు.

ఆమె పాటలు అమ్ముకుంటున్న కొలంబియా కంపెనీ ఈ పాటను మాత్రం రికార్డు చేయనంది. కమొడోర్ అనే చిన్న కంపెనీ 1939 ఏప్రిల్ 20న రికార్డు చేసింది. ప్రేమ పాటలు పాడినంత కాలం నల్లజాతి గొంతు అందరికీ ఇష్టమే. శవాల గురించి పాడగానే అది వ్యాపారానికి చేటు.

1947లో మాదకద్రవ్యాల కేసులో ఆమెకు శిక్ష పడింది. న్యూయార్క్‌లో మద్యం అమ్మే చోట పాడాలంటే అప్పట్లో పోలీసులు ఇచ్చే కార్డు ఉండాలి. ఆ కేసు తర్వాత ఆమెకు కార్డు లేకుండా పోయింది. 1948లో కార్నెగీ హాల్లో ఆమె కచేరీకి టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కానీ ఆమెకు రోజూ అన్నం పెట్టే క్లబ్బుల్లో పాడడానికి వీల్లేదు. గొంతు ఆమెది, దాన్ని అమ్ముకునే అనుమతి పోలీసులది. 1959లో ఆస్పత్రి మంచం మీదే ఆమెను అరెస్టు చేశారు. ఆ జూలైలో, 44 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు. ఆ కార్డుల పద్ధతిని నగరం 1967లో గానీ ఎత్తేయలేదు.

గోడ ఎక్కడ కూలింది?

చప్పట్ల వల్ల ఈ గోడ కూలలేదు. కూలిన ప్రతిచోటా ఎవరో ఒకరు నియమాన్ని మార్పించారు.

మొదటిది యూనియన్. అమెరికా సంగీతకారుల సమాఖ్యలో చాలా నగరాల్లో తెల్లవాళ్లకు ఒక శాఖ, నల్లవాళ్లకు ఇంకో శాఖ ఉండేవి. లాస్ ఏంజెలిస్‌లో సినిమా స్టూడియోల పని, రేడియో పని తెల్లవాళ్ల శాఖ 47 చేతిలో ఉండేది. నల్లవాళ్ల శాఖ 767. బడీ కొలెట్, మార్ల్ యంగ్ వంటి నల్లజాతి సంగీతకారులు రెండూ కలవాలని ఉద్యమించారు. రెండు వైపుల వాళ్లూ కలిసి వాయించే ఆర్కెస్ట్రా పెట్టి చూపించారు, సభ్యుల ఓట్లు కూడగట్టారు. సొంత భవనం, సొంత నాయకత్వం పోతాయని నల్లవాళ్లలోనే కొందరు వ్యతిరేకించారు. ఆ భయం అర్థం లేనిది కాదు. వాదించుకుని, ఓటేసుకుని 1953 ఏప్రిల్ 1న రెండు శాఖలూ ఒకటయ్యాయి. షికాగోలో అదే పని జరగడానికి 1966 దాకా పట్టింది.

రెండోది కాంట్రాక్ట్. నార్మన్ గ్రాంజ్ అనే నిర్వాహకుడు 1944లో లాస్ ఏంజెలిస్‌లో కచేరీల పరంపర మొదలుపెట్టారు. ప్రేక్షకులను రంగును బట్టి విడదీయకూడదని హాళ్లతో ఒప్పందంలోనే రాయించేవారు. 1955లో హ్యూస్టన్ నగరంలో హాల్లో ఉన్న 'తెల్లవాళ్లకు', 'నల్లవాళ్లకు' బోర్డులు తీయించారు. ఆ రాత్రి పోలీసులు జూదం సాకుతో తెర వెనక గదిలోకి చొరబడి ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌ను, డిజ్జీ గిలెస్పీని, గ్రాంజ్‌ను కూడా అరెస్టు చేశారు. జరిమానా కట్టి వదిలించుకోవచ్చు. గ్రాంజ్ మాత్రం కేసు కొట్టేయించేదాకా పోరాడారు.

దేశం ఇచ్చే గౌరవానికి కూడా ఇదే కొలత పెట్టి చూడాలి. 1963లో అమెరికా విదేశాంగ శాఖ ఎలింగ్టన్ బ్యాండ్‌ను మన దేశానికి, పశ్చిమాసియా దేశాలకు పంపింది. తమది స్వేచ్ఛ ఉన్న దేశమని చూపించుకోవడానికి నల్లజాతి సంగీతం పనికొచ్చింది. రెండేళ్ల తర్వాత, 1965లో, పులిట్జర్ సంగీత న్యాయనిర్ణేతలు ఎలింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని సిఫార్సు చేస్తే బోర్డు తిరస్కరించింది. 1999లో ఇచ్చారు. అప్పటికి ఆయన చనిపోయి పాతికేళ్లయింది.

మనకెందుకు ఈ కథ?

ఈ సంగీతం మన దేశానికి కొత్త కాదు. 1935లో లియాన్ అబ్బే నల్లజాతి బ్యాండ్ బొంబాయి తాజ్ మహల్ హోటల్లో వాయించింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానో వాద్యకారుడు బొంబాయిలో, తర్వాత కలకత్తాలో బ్యాండ్ నడిపి, 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయారు.

పాటల కంటే లోతైన బంధం ఇంకొకటి ఉంది. ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వం మీద పోరాడిన అమెరికన్లకు అంకితం ఇచ్చారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ చదివిన కొలంబియా యూనివర్సిటీ హార్లెమ్‌ను ఆనుకునే ఉంది. నల్లవాళ్లు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న విజ్ఞాపన గురించి తెలుసుకోవడానికి ఆయన 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. డుబోయిస్ బదులు రాశారు. కులం, వర్ణం ఒకటేనని మేము అనడం లేదు. రెండూ పనిచేసే పద్ధతుల్లో పోలికలు ఉన్నాయని వాళ్లిద్దరికీ తెలుసు.

దప్పు సంగతే చూడండి. చావుకు కావాలి, జాతరకు కావాలి, చాటింపుకు కావాలి. ఊరికి దప్పు చప్పుడు కావాలి గానీ దప్పు కొట్టే మాదిగ అరుగు మీద కూర్చోకూడదు. కులవృత్తిగా, వెట్టిగా ఈ దప్పు కొట్టం అన్నవాళ్లూ, అదే దప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకున్నవాళ్లూ మన మధ్యే ఉన్నారు. 1994లో మొదలైన మాదిగ ఉద్యమం 'దండోరా' అన్న పేరునే తన పేరుగా చేసుకుంది. ఇప్పుడు దప్పు ప్రభుత్వ ఉత్సవాల్లో, సినిమా పాటల్లో, కాలేజీ వేదికల మీద మోగుతోంది. మంచిదే. అయితే స్వింగ్ యుగం కథ చదివినవాళ్లు కొన్ని ప్రశ్నలు అడగకుండా ఉండకూడదు. ఆ పాట హక్కు ఎవరి పేరు మీద ఉంది? వాయించినవాళ్ల పేరు ఎక్కడైనా పడిందా? కచేరీ అయ్యాక వాళ్లు ఎక్కడ తిన్నారు, ఎవరితో తిన్నారు? వాళ్లకు సంఘం ఉందా, ఉంటే ఆ సంఘం మాటకు విలువ ఉందా?

మన కళను మెచ్చుకునేవాళ్లు మన హక్కులను ఒప్పుకున్నట్టు కాదు. ఆ రెండోది కాగితం మీద రాయించుకోవాలి, కలిసి నిలబడి అమలు చేయించుకోవాలి. కొలెట్, యంగ్ చేసింది అదే. ఈసారి ఏదైనా వేదిక మీద మన దప్పుకు చప్పట్లు మోగినప్పుడు మనమూ సంతోషంగా కొడదాం. కొట్టాక వెళ్లి కాంట్రాక్ట్ చూపించమని అడుగుదాం.